ఊళ్లో లేనప్పుడూ రీఫ్ ట్యాంక్ కబురు అందాలంటే: ఆన్‌లైన్ మానిటరింగ్, అలర్ట్‌లు ఎలా అమర్చుకోవాలి

రీఫ్ ట్యాంక్‌కి, అంటే బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంకి, కంట్రోలర్ (సెన్సర్లు చదివి పంపులు, హీటర్లు నడిపే పెట్టె) కొన్నవాళ్లలో చాలామంది యాప్ ఫోన్‌లో వేసుకుని, టెంపరేచర్, పీహెచ్ అంకెలు తెర మీద కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. అంకెలు కనబడటం ఒక సంగతి, ఆపద వేళ కబురు రావడం ఇంకో సంగతి. రాత్రి రెండింటికి హీటర్ ఆగకుండా నీళ్లను కాచేస్తుంటే ఆ యాప్ తెరిచి చూసేదెవరు?

ఒక మాట ముందే చెప్పాలి. ఫోన్ మోగలేదంటే ట్యాంక్ క్షేమంగా ఉందని అర్థం కాదు. కంట్రోలర్‌కే కరెంట్ పోయి ఉండొచ్చు, రూటర్ హ్యాంగ్ అయి ఉండొచ్చు, అలర్ట్ వెళ్లి స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉండొచ్చు. కాబట్టి కంట్రోలర్ మౌనంగా ఉండిపోతే దాన్ని కూడా అలారంగా లెక్కపెట్టే ఏర్పాటు కావాలి. మోగిన ఫోన్ ఎత్తి, ట్యాంక్ దాకా నడిచి వెళ్లగల మనిషి ఒకరు కావాలి. కింద చెప్పే సెట్టింగులన్నీ ఈ రెండింటి కోసమే.

అమెరికాలో ఉంటూ, డిసెంబర్‌లో పిల్లల సెలవులకి హైదరాబాద్‌కో విజయవాడకో కొన్ని వారాలు వెళ్లే కుటుంబాలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ట్యాంక్‌కీ మనకీ మధ్య అంత దూరం ఇంకెప్పుడూ ఉండదు. ఇండియాలో ఉన్న పాఠకులకు ఒక సంగతి: రీఫ్ కట్టే గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. చేపలు మాత్రమే ఉన్న ఉప్పునీటి ట్యాంక్‌కైనా, మంచినీటి డిస్కస్ చేపల ట్యాంక్‌కైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. అక్కడ హీటర్ స్థానంలో నీళ్లను చల్లబరిచే చిల్లర్‌నీ, శీతాకాలం స్థానంలో మే నెల ఎండనీ పెట్టుకుని చదువుకోండి.

1. మీ ట్యాంక్‌కి ఎంత టైమ్ ఉందో లెక్క వేయండి

కంట్రోలర్ సెట్టింగుల్లోకి వెళ్లకముందే ఒక కాగితం తీసుకోండి. ట్యాంక్‌ని చంపగల సంగతులు రాసి, ఒక్కోదాని పక్కన అది ఎంతసేపట్లో ప్రాణం మీదికి తెస్తుందో రాయండి. అలర్ట్ ఎంత త్వరగా రావాలి, ఎంత గట్టిగా మోగాలి అన్నది ఈ కాగితమే చెబుతుంది.

హీటర్‌తో మొదలుపెడదాం. థర్మోస్టాట్ ఆన్‌లోనే అతుక్కుపోవడం హీటర్లకి బాగా తెలిసిన జబ్బు. సంప్‌తో (ట్యాంక్ కింద ఉండే రెండో తొట్టితో) కలిపి 300 లీటర్ల నీళ్లు, అంటే దాదాపు 80 గాలన్లు ఉన్నాయనుకోండి. 200 వాట్ల హీటర్ ఆగకుండా పనిచేస్తే, బయటికి పోయే వేడిని పక్కన పెడితే, గంటకి సుమారు 0.6 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. 500 వాట్లదైతే గంటకి దాదాపు 1.5 డిగ్రీలు. 26 దగ్గర మొదలైన నీళ్లు మొదటి లెక్కలో 28 దాటడానికి మూడు గంటలకు పైగా పడుతుంది, రెండో లెక్కలో గంటన్నర కూడా పట్టదు. అందుకే ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి పెట్టమని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. ఒకటి అతుక్కుపోయినా మీకు టైమ్ మిగులుతుంది, ఒకటి చచ్చిపోయినా రెండోది కొంత కాస్తుంది.

కరెంట్ పోతే అందరూ ముందు టెంపరేచర్ గురించి కంగారు పడతారు. నిజానికి అంతకంటే ముందు తగ్గేది ఆక్సిజన్. పంపులన్నీ ఆగితే నీటి పైపొర కదలదు, గాలి కలవదు. చేపలు ఎక్కువగా ఉన్న ట్యాంక్‌లో కొన్ని గంటల్లోనే పరిస్థితి చేయి దాటుతుంది. రాత్రిపూట మరీ కష్టం, ఎందుకంటే చీకట్లో పగడాల్లోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు సరికదా, తనూ వాడుకుంటుంది. కాబట్టి ఒక పవర్‌హెడ్‌కి (ట్యాంక్‌లో నీళ్లను కదిలించే పంప్‌కి) బ్యాటరీ బ్యాకప్ పెట్టడం ఏ అలర్ట్ కన్నా ముందు చేయాల్సిన పని. అది లేకుండా మీకొచ్చే కబురు బాధ పెట్టడానికే తప్ప ఎందుకూ పనికిరాదు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. మంచు తుఫానుకి గ్రిడ్ కుప్పకూలి, 45 లక్షలకు పైగా ఇళ్లకీ వ్యాపారాలకీ కరెంట్ పోయింది, చాలాచోట్ల రోజుల తరబడి రాలేదు. అలాంటి రోజున బ్యాటరీ ఎన్ని గంటలు లాగుతుందో, ఆ తర్వాత ఏం చేస్తారో కూడా ఆ కాగితం మీదే రాసి పెట్టుకోండి.

ఇక ఏటీఓ, అంటే ఆవిరైన నీటిని తనంతట తానే నింపే పంప్. సెన్సర్ ఇరుక్కుపోతే మంచినీళ్లన్నీ ట్యాంక్‌లోకి వచ్చేస్తాయి. సాలినిటీ (నీటిలోని ఉప్పు శాతం) 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల్లో 35 భాగాలు ఉన్న 300 లీటర్లలో 20 లీటర్ల మంచినీళ్లు కలిస్తే సాలినిటీ సుమారు 32.8కి దిగుతుంది. పగడాలు తట్టుకోగలవు. అదే 60 లీటర్లైతే 29కి పడిపోతుంది, అది పెద్ద దెబ్బ. ఊరెళ్తున్నాం కదా అని పెద్ద డ్రమ్ము పెట్టేముందు ఈ లెక్క చూసుకోండి. చిన్న డబ్బా పెట్టి, వారానికోసారి వచ్చి నింపే మనిషిని చూసుకోవడం మేలు. ఆ మనిషి ట్యాంక్‌ని కళ్లారా చూసిపోతాడు కూడా.

2. కంట్రోలర్

ఈ విషయం మీద ఎక్కువసేపు ఆగను. నెప్ట్యూన్ అపెక్స్, జీహెచ్‌ఎల్ ప్రొఫిలక్స్, హైడ్రోస్ వంటివి సొంత క్లౌడ్, సొంత యాప్‌తో వస్తాయి. ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ. సొంతంగా కట్టుకునే ఓపిక ఉంటే రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే రీఫ్-పై అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. టెంపరేచర్, ఏటీఓ, లైట్లు, పీహెచ్, ఈమెయిల్ అలర్ట్‌లు అన్నీ చేస్తుంది. టెంపరేచర్, కరెంట్, లీక్ ఈ మూడింటి కబురు వస్తే చాలనుకునేవాళ్లకి ఈఎస్పీ32 అనే చిన్న వైఫై బోర్డు, హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ సరిపోతాయి.

ఏది కొన్నా ఒక్క ప్రశ్న అడగండి: మెయిన్ యూనిట్ ఆగిపోతే ఔట్‌లెట్లు (పరికరాల ప్లగ్గులు పెట్టే సాకెట్లు) ఏ స్థితికి వెళ్తాయి? అపెక్స్‌లో దీనికి ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఉంది. మెయిన్ యూనిట్‌తో సంబంధం తెగితే ఎనర్జీ బార్ (ఆ సాకెట్లన్నీ ఉండే పట్టీ) ఒక్కో ఔట్‌లెట్‌ని మీరు చెప్పిన స్థితిలో ఉంచుతుంది. రిటర్న్ పంప్ (సంప్ నీళ్లను పైకి ట్యాంక్‌లోకి పంపేది), పవర్‌హెడ్‌లు ఆన్. ఏటీఓ, డోసింగ్ పంపులు (పగడాలకి కావాల్సిన ద్రావణాలు కొలత ప్రకారం పోసేవి) ఆఫ్. హీటర్‌కి సొంత థర్మోస్టాట్ ఉంటే ఆన్, లేకపోతే ఆఫ్. ఆ సొంత థర్మోస్టాట్‌ని కంట్రోలర్ హద్దు కంటే ఒక డిగ్రీ పైన పెట్టండి. అప్పుడు రోజూ ఆపేది కంట్రోలర్ అవుతుంది, అది తప్పినప్పుడు మాత్రం హీటర్ తనే ఆగుతుంది.

3. సెన్సర్లు ఎక్కడ, ఎలా

టెంపరేచర్ ప్రోబ్‌ని (నీళ్లలో ముంచే సెన్సర్‌ని) సంప్‌లో హీటర్ ఉన్న అరలోనే పెడితే ఒక చిక్కుంది. రిటర్న్ పంప్ ఆగిన క్షణం నుంచి ఆ ప్రోబ్ సంప్ సంగతే చెబుతుంది, పైన ట్యాంక్‌లో చేపలున్న నీళ్లు చల్లబడుతున్నా దానికి తెలియదు. వీలైతే రెండు ప్రోబ్‌లు పెట్టండి, ఒకటి సంప్‌లో, ఒకటి ట్యాంక్‌లో. రెండింటి మధ్య తేడా 1 డిగ్రీ దాటితే అలర్ట్ పెట్టండి. ఈ ఒక్క నియమం పంప్ ఆగడాన్నీ పట్టేస్తుంది, ప్రోబ్ చెడిపోవడాన్నీ పట్టేస్తుంది.

సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా వాడేది డీఎస్18బీ20 సెన్సర్. దీని ఖచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ, కాబట్టి నమ్మకమైన గాజు థర్మామీటర్ పక్కన పెట్టి తేడా సరిచేసుకోండి. డేటా వైరుకీ 3.3 వోల్టుల వైరుకీ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టర్ తప్పనిసరి. సెన్సర్‌కి కరెంట్ సరిగ్గా అందకపోతే 85 డిగ్రీలు చూపిస్తుంది, ఆర్డుయినో తరహా బోర్డుల్లో వైరు ఊడితే మైనస్ 127 చూపిస్తుంది. రెండూ నీటి టెంపరేచర్ కావు. 10 కంటే తక్కువ, 45 కంటే ఎక్కువ వచ్చిన రీడింగ్‌లను లెక్కలోకి తీసుకోవద్దని, అవి పదే పదే వస్తుంటే మాత్రం 'సెన్సర్ చెడింది' అని విడిగా కబురు పంపమని చెప్పండి. లేకపోతే మైనస్ 127 చూసి కంట్రోలర్ హీటర్‌ని ఆన్ చేసి కూర్చుంటుంది. ఇంకో సంగతి, ఈ సెన్సర్లకి ఉండే చవక రకం స్టీల్ తొడుగు ఉప్పునీటిలో తుప్పు పడుతుంది. రీఫ్‌లో నేరుగా ముంచకండి. ప్లాస్టిక్ లేదా ఎపాక్సీ తొడుగున్నది తీసుకోండి.

పీహెచ్ ప్రోబ్‌ని పీహెచ్ 7, 10 ఉన్న ద్రావణాలతో క్యాలిబ్రేట్ చేయండి, అంటే అంకె సరిచూసుకోండి. ఊరికి వెళ్లే ముందు ఇంకోసారి. ఏడాది, ఏడాదిన్నర వాడాక చాలా ప్రోబ్‌లు నెమ్మదిస్తాయి, అప్పుడు మార్చేయడమే. లీక్ సెన్సర్లు నేల మీద పల్లంగా ఉన్న చోట పెట్టాలి. నీళ్లు ఎటు పారతాయో ఒక గ్లాసు నీళ్లు పోసి చూస్తే తెలుస్తుంది. స్టాండ్ లోపల ఒకటి, బయట గోడవైపు ఒకటి ఉంటే ధైర్యం.

4. కబురు వెళ్లే దారిని కరెంట్ పోయినా బతికించండి

కరెంట్ పోయినప్పుడు కదా కబురు కావాల్సింది. కానీ కరెంట్‌తో పాటే ఇంటర్నెట్ కూడా పోతే ఆ కబురు వచ్చే దారే ఉండదు. చిన్న యూపీఎస్ ఒకటి కొని దానికి మూడే తగిలించండి: కంట్రోలర్ మెయిన్ యూనిట్, రూటర్, మోడెమ్. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకుండే ఫైబర్ బాక్స్ కూడా. ఇవన్నీ కలిపి తీసుకునే కరెంట్ చాలా తక్కువ కాబట్టి చిన్న యూపీఎస్ కూడా చాలాసేపు లాగుతుంది. హీటర్ మాత్రం ఈ యూపీఎస్‌కి పెట్టకండి, పెడితే నిమిషాల్లో బ్యాటరీ ఖాళీ.

ఇక్కడొక మెలిక ఉంది. కంట్రోలర్ యూపీఎస్ మీద ఉంటే కరెంట్ పోయిందని దానికి ఎలా తెలుస్తుంది? అందుకని గోడ ప్లగ్గుకి నేరుగా ఒక చిన్న 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, దాని వైరు కంట్రోలర్‌కి ఇస్తారు. ఆ 12 వోల్టులు మాయమైతే ఇంట్లో కరెంట్ పోయినట్టు. అపెక్స్‌లో దీనికి వేరే సాకెట్టే ఉంది. సొంత కంట్రోలరైతే యూఎస్‌బీ అడాప్టర్ నుంచి ఒక పిన్‌కి, సరైన రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించి ఇవ్వాలి.

వైఫై కన్నా ఈథర్‌నెట్ వైరు నమ్మకమైనది. వైఫై తప్పదనుకుంటే 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ఈ కంట్రోలర్లలో చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ అందదు.

అమెరికా ఇళ్లలో జీఎఫ్‌సీఐ సాకెట్, మన దగ్గర ఆర్‌సీసీబీ. పేరు ఏదైనా, షాక్ నుంచి ప్రాణం కాపాడేది అదే, తీసేయడం గురించి ఆలోచించకండి. కాకపోతే ఒక్క పరికరంలో కరెంట్ లీకైనా దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి. పంపుల్ని, హీటర్లని రెండు వేర్వేరు సర్క్యూట్లకి సర్దండి. 12 వోల్టుల అడాప్టర్‌ని కూడా ట్యాంక్ ఉన్న సర్క్యూట్‌లోనే పెట్టండి. ఇల్లంతా వెలుగుతున్నా ట్యాంక్ ఒక్కటే చీకట్లో పడితే అది పట్టుకుంటుంది.

హైదరాబాద్, విశాఖలో ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో లైన్ మారే క్షణంలో చిన్న బోర్డులు రీస్టార్ట్ అవుతుంటాయి. రాస్ప్‌బెరీ పై అయితే ఎస్‌డీ కార్డు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. ఇన్వర్టర్ ఉన్నా కంట్రోలర్‌కి చిన్న యూపీఎస్ వేరుగా పెట్టండి.

5. హద్దులు పెట్టడం

ఎక్కువ అలర్ట్‌లు పెట్టుకుంటే ఎక్కువ భద్రత అనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఫోన్ మోగగానే చూడకుండా పక్కకి తోసేయడం అలవాటవుతుంది. ఆ అలవాటే ట్యాంక్‌కి అన్నిటికన్నా ప్రమాదం. అందుకే ప్రతి హద్దు పెట్టేముందు అడగండి: ఈ కబురు రాత్రి రెండింటికి వస్తే నేను లేచి ఏం చేస్తాను? చేసేదేమీ లేకపోతే అది రాత్రి మోగకూడదు.

టెంపరేచర్‌కి రెండు మెట్లు పెట్టండి. మామూలుగా 25 నుంచి 26.5 మధ్య, అంటే 77 నుంచి 80 ఫారెన్‌హీట్ మధ్య నడిచే ట్యాంక్ అనుకుందాం. 27.2 దాటినా 24.2 కిందికి దిగినా మామూలు మెసేజ్. 28.3 దాటినా 23 కిందికి దిగినా ఫోన్ మోగాలి. మొదటి మెట్టుకి పది నిమిషాల ఆలస్యం ఇవ్వండి, లేకపోతే నీళ్లు మార్చిన ప్రతిసారీ అలర్ట్ వస్తుంది. అపెక్స్‌లో దీన్ని డిఫర్ అంటారు, పరిస్థితి అన్ని నిమిషాలూ అలాగే ఉంటేనే అలారం లేస్తుంది. 28.3 దగ్గర మెసేజ్‌తో ఆపకండి. హీటర్ ఔట్‌లెట్ ఆగాలి, ఫ్యాన్ లేదా చిల్లర్ మొదలవ్వాలి. 30 దాటి అలాగే ఉండిపోతే పగడాలు తమలోని నాచును వదిలేసి తెల్లబారే ప్రమాదం ఉంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ నిలవదు.

పీహెచ్ విషయంలో టెన్షన్ తగ్గించుకోండి. రాత్రి తగ్గడం, పగలు పెరగడం దాని సహజ లక్షణం. 7.8 నుంచి 8.4 మధ్య ఎక్కడున్నా నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. చలికాలంలో కిటికీలన్నీ మూసుకున్న ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ దిగుతుంది. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలొచ్చిన సాయంత్రం గ్రాఫ్ చూడండి, గీత కిందికి వంగి ఉంటుంది. కిటికీ తీస్తే మళ్లీ లేస్తుంది. 7.7 కింద అరగంట ఉంటే మెసేజ్ చాలు. పైవైపు మాత్రం జాగ్రత్త. 8.6 దాటిందంటే, ముఖ్యంగా ఏటీఓ నీళ్లలో సున్నపు నీరు కలిపేవాళ్లకి, డోసింగ్ అదుపు తప్పిందని అర్థం. అది గట్టిగా మోగాలి, డోసింగ్ పంప్ కూడా ఆగాలి.

సాలినిటీ ప్రోబ్‌లకి బుడగలు, మురికి తగిలితే అంకెలు ఎగిరి పడుతుంటాయి. అందుకని నేను సాలినిటీ అంకె కంటే ఏటీఓ పంప్ ఎంతసేపు నడిచిందో చూడటాన్నే నమ్ముతాను. మీ పంప్ మామూలుగా ఒక విడత నిమిషం నడుస్తుందనుకోండి, ఐదు నిమిషాలు దాటితే పంప్ ఆపేసి కబురు పంపమనండి. రోజంతా ఒక్కసారి కూడా నడవకపోయినా కబురు రావాలి. డబ్బా ఖాళీ అయి ఉంటుంది, లేదా పంప్ చచ్చిపోయి ఉంటుంది.

అందరూ వదిలేసే మంచి సమాచారం వాట్లు. అపెక్స్ ఎనర్జీ బార్ 832 లాంటివి ఒక్కో ఔట్‌లెట్ ఎంత కరెంట్ తీసుకుంటుందో విడివిడిగా చెబుతాయి. హీటర్ ఆన్‌లో ఉందని చూపిస్తూ వాట్లు సున్నా ఉంటే హీటర్ కాలిపోయింది. ఆఫ్ అని చూపిస్తూ వాట్లు వస్తుంటే స్విచ్చు లోపల అతుక్కుపోయింది. రిటర్న్ పంప్ మామూలుగా తీసుకునే వాట్లలో సగానికి పడిపోతే నీళ్లు లేకుండా తిరుగుతోందో, ఇంపెల్లర్‌లో (పంప్ లోపల తిరిగే రెక్కల్లో) నత్త ఇరుక్కుందో చూడాలి. ఈ మూడు నియమాలు టెంపరేచర్ మారడానికి చాలా ముందే మీకు కబురు చెబుతాయి. ఒక వారం మీ పరికరాల వాట్లు చూసి, హద్దులు వాటి ప్రకారం పెట్టుకోండి.

లీక్‌కి ఆలస్యం అక్కర్లేదు. నీళ్లు తగిలిన వెంటనే మోగాలి, ఏటీఓ ఆగాలి.

ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా నీళ్లు తట్టుకునే శక్తిని) తనే పరీక్షించే ట్రైడెంట్ లాంటి యంత్రం ఉంటే, దాని ఒక్క రీడింగ్ చూసి అలారం మోగించకండి. వరసగా రెండు రీడింగ్‌లు హద్దు దాటితేనే మెసేజ్ రానివ్వండి. ఆ యంత్రం ఇచ్చే అసలు లాభం గ్రాఫ్‌లో ఉంది, వారానికోసారి తీరిగ్గా చూడండి.

6. కబురు ఏ దారిలో రావాలి

ఈమెయిల్ ఒక్కటే పెట్టుకుని ఊరుకోకండి. రాత్రి ఈమెయిల్‌కి ఎవరూ లేవరు. మామూలు మెసేజ్‌లకి, రోజుకోసారి వచ్చే సారాంశానికి ఈమెయిల్ బాగానే ఉంటుంది. రీఫ్-పై నుంచి జీమెయిల్ ద్వారా పంపేవాళ్లు గుర్తుంచుకోండి, 2022 మే 30 నుంచి జీమెయిల్ మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలను రానివ్వడం లేదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది ఇవ్వాలి.

అమెరికాలో పాతకాలం నుంచి ఉన్నవాళ్లు కంట్రోలర్ ఈమెయిల్‌ని ఫోన్ కంపెనీ చిరునామాకి పంపి ఎస్ఎంఎస్‌గా మార్చుకునేవారు. ఏటీ అండ్ టీ ఆ సదుపాయాన్ని 2025 జూన్ 17న ఆపేసింది. మీ అలర్ట్‌లు ఇంకా ఆ చిరునామాకే వెళ్తుంటే అవి ఎవరికీ చేరడం లేదు. ఈరోజే మార్చండి.

గట్టిగా మోగాల్సినవాటికి పుష్ నోటిఫికేషన్ మేలు. పుష్ఓవర్ అనే యాప్‌లో ఎమర్జెన్సీ ప్రాధాన్యంతో పంపితే, మీరు చూశానని నొక్కేదాకా మళ్లీ మళ్లీ మోగుతుంది. ఎంతసేపటికోసారి మోగాలో మీరే పెట్టుకోవచ్చు, తక్కువలో తక్కువ 30 సెకన్లు. అలా గరిష్ఠంగా 3 గంటల దాకా మోగుతుంది. ఐఫోన్‌లో హోమ్ అసిస్టెంట్ యాప్ క్రిటికల్ అలర్ట్‌లు పంపగలదు, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా అవి వినబడతాయి. కుటుంబం మొత్తానికి, చూసిపోయే స్నేహితుడికి ఒకేసారి చేరాలంటే టెలిగ్రామ్ గ్రూప్ తేలిక. బాట్‌ఫాదర్ దగ్గర ఒక బాట్ తయారుచేసి, దాన్ని గ్రూప్‌లో కలిపితే సరిపోతుంది. ఆ బాట్ టోకెన్‌ని మాత్రం పాస్‌వర్డ్‌లా దాచుకోండి.

మెసేజ్‌లో ఏం రాయాలన్నది కూడా ఆలోచించండి. 'అలారం 5' అని వస్తే మీ స్నేహితుడికి ఏం అర్థమవుతుంది? 'ట్యాంక్ వేడెక్కింది, 28.5 డిగ్రీలు. ఎర్ర టేపు ఉన్న ప్లగ్గు పీకండి' అని వస్తే పని జరుగుతుంది.

7. మౌనానికి అలారం

ఇది మానేస్తే పైన చేసినదంతా సగం పనే. కంట్రోలర్ బయట, ఇంటి బయట ఉన్న ఎవరో ఒకరు దాని గుండె కొట్టుకుంటోందా లేదా అని వింటూ ఉండాలి. అపెక్స్ క్లౌడ్ అయిన అపెక్స్ ఫ్యూజన్‌లో దీన్ని హార్ట్‌బీట్ అనే పేరుతోనే పిలుస్తారు. కంట్రోలర్ నుంచి ఇంతసేపు సమాచారం రాకపోతే క్లౌడే మీకు కబురు పంపుతుంది. సెట్టింగుల్లో అది ఆన్‌లో ఉందో లేదో వెళ్లి చూడండి.

సొంత కంట్రోలరైతే హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ లాంటి సర్వీస్ వాడొచ్చు, చిన్న అవసరాలకి ఉచితం. వాళ్లిచ్చిన చిరునామాని కంట్రోలర్ ప్రతి ఐదు నిమిషాలకి ఒకసారి తడుతుంది. పావుగంట దాకా తట్టకపోతే మీకు కబురు. ఒక్క జాగ్రత్త: టెంపరేచర్ చదివాక, ఆ అంకె నమ్మదగినదిగా ఉంటేనే తట్టేలా రాయండి. బోర్డు బతికే ఉండి సెన్సర్ చదవడం ఆగిపోయినప్పుడు కూడా అలారం లేస్తుంది.

ఇంటర్నెట్ ఐదు నిమిషాలు పోయిన ప్రతిసారీ కంగారు పడకుండా గడువు పావుగంటో, ఇరవై నిమిషాలో పెట్టుకోండి. అంతకంటే పెంచకండి, కరెంట్ పోయిన ట్యాంక్‌కి ప్రతి పావుగంటా విలువైనదే.

8. మీరు ఊళ్లో లేనప్పుడు

డిసెంబర్‌లో డాలస్‌కీ హైదరాబాద్‌కీ తేడా పదకొండున్నర గంటలు. అక్కడ రాత్రి రెండింటికి మోగిన అలారం ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, బహుశా మీరు పెళ్లి భోజనాల దగ్గర ఉండగా వస్తుంది. మీరు చూస్తారు. కానీ ట్యాంక్ దగ్గరికి వెళ్లాల్సిన స్నేహితుడు అక్కడ గాఢ నిద్రలో ఉంటాడు. కాబట్టి రెండో మెట్టు అలారం, అంటే ఫోన్ మోగించేది, అతని ఫోన్‌కీ వెళ్లాలి, లేదా మీరు ఫోన్ చేస్తే మోగాలి. అతను ఐఫోన్ వాడుతుంటే మీ నంబర్‌కి ఎమర్జెన్సీ బైపాస్ పెట్టమని ముందే అడగండి, డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా మీ కాల్ వినబడుతుంది. ఒక్కరే కాకుండా ఇద్దరు ఉండటం మంచిది. డిసెంబర్‌లో వాళ్లూ ఎక్కడికైనా వెళ్తారు.

వాళ్లని ఒకసారి ఇంటికి పిలిచి, టీ తాగుతూ అన్నీ చూపించండి. హీటర్ ప్లగ్గుకి ఎర్ర టేపు, రిటర్న్ పంప్‌కి పచ్చ, ఏటీఓకి నీలం. స్టాండ్ తలుపు లోపల ఒక కాగితం అంటించండి: వేడెక్కితే ఏం చేయాలి, నీళ్లు కారితే ఏం చేయాలి, కరెంట్ పోతే బ్యాటరీ గాలి పంప్ ఎక్కడుంది, బ్రేకర్ బాక్స్ ఎక్కడుంది. నాలుగు పరిస్థితులు, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు. అంతకు మించితే కంగారులో ఎవరూ చదవరు.

మీ అమెరికా నంబర్‌కి వచ్చే ఓటీపీ ఇండియాలో అందకపోవచ్చు. క్లౌడ్ ఖాతా, ఈమెయిల్, కెమెరా యాప్ అన్నిట్లోనూ బయల్దేరేముందే లాగిన్ అయి ఉండండి. వీలైతే ఓటీపీని ఎస్ఎంఎస్ నుంచి అథెంటికేటర్ యాప్‌కి మార్చండి. చవక వైఫై కెమెరా ఒకటి సంప్ వైపు, ఒకటి ట్యాంక్ వైపు పెట్టండి. అలారం వచ్చినప్పుడు అది సెన్సర్ తప్పో నిజమైన ఆపదో ఒక్క చూపుతో తేలిపోతుంది, స్నేహితుణ్ణి అర్ధరాత్రి అనవసరంగా లేపే పని తప్పుతుంది.

దూరం నుంచి ఆపడం వరకూ ఫర్వాలేదు. దూరం నుంచి ఆన్ చేయడం మాత్రం కెమెరాలో చూడకుండా చేయకండి. నీళ్లు కారి ఆగిన పంప్‌ని మళ్లీ ఆన్ చేస్తే మిగిలిన నీళ్లు కూడా నేల మీదికి వస్తాయి.

బయటి నుంచి కంట్రోలర్‌ని చూడటం కోసం రూటర్‌లో పోర్ట్ (బయటి నుంచి నేరుగా లోపలికి వచ్చే దారి) తెరవకండి. 2017లో డార్క్‌ట్రేస్ అనే సైబర్ భద్రతా సంస్థ ఉత్తర అమెరికాలోని ఒక క్యాసినో సంగతి బయటపెట్టింది. ఇంటర్నెట్‌కి కలిపిన అక్వేరియం ద్వారా దొంగలు ఆ క్యాసినో నెట్‌వర్క్‌లోకి చొరబడ్డారు. సొంత కంట్రోలర్‌కి టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడండి, రూటర్‌లో ఏమీ మార్చక్కర్లేదు. పరికరంతో వచ్చిన పాస్‌వర్డ్‌ని మొదటి రోజే మార్చండి.

9. పరీక్షించండి, నిజంగా

సెట్టింగ్ సేవ్ అయిందంటే అలర్ట్ పనిచేస్తుందని అర్థం కాదు. ఊరెళ్లడానికి వారం ముందు ఒక సాయంత్రం దీనికే కేటాయించండి. చివరి రోజు పెట్టుకుంటే బయటపడిన లోపం సరిచేసే టైమ్ ఉండదు.

ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తీసుకుని టెంపరేచర్ ప్రోబ్‌ని అందులో ముంచండి. హీటర్ ఔట్‌లెట్ ఆగిందా, మెసేజ్ ఎంతసేపటికి వచ్చింది, ఎవరెవరికి వచ్చింది చూడండి. తర్వాత 15 నుంచి 20 డిగ్రీల చల్లటి నీళ్లతో అదే పని, 10 కంటే చల్లగా ఉంటే పైన చెప్పిన నియమం ఆ రీడింగ్‌ని లెక్కలోకి తీసుకోదు. ఈసారి హీటర్ ప్లగ్గు తీసి ఉంచండి, లేకపోతే ఆ కొద్దిసేపూ అది అనవసరంగా కాస్తుంది. లీక్ సెన్సర్ మీద తడిగుడ్డ పెట్టండి. ఏటీఓ సెన్సర్‌ని నీళ్లలోంచి పైకి తీసి, పంప్ ఐదు నిమిషాలకి ఆగుతుందో లేదో దగ్గరుండి చూడండి, నీళ్లు బకెట్‌లోకి వెళ్లేలా పైపు మళ్లించి. రూటర్ ప్లగ్గు తీసి ఇరవై నిమిషాలు ఆగండి, మొబైల్ డేటా మీద ఉన్న మీ ఫోన్‌కి మౌనం అలారం రావాలి. చివరగా ట్యాంక్ సర్క్యూట్ బ్రేకర్ దించండి. పవర్‌హెడ్ బ్యాటరీ మీదికి మారిందా, కరెంట్ పోయిందన్న కబురు వచ్చిందా, బ్రేకర్ ఎత్తాక అన్నీ వాటంతట అవే మొదలయ్యాయా? కొన్ని పంపులు మళ్లీ మొదలవ్వవు, కొన్ని స్కిమ్మర్లు (నురగతో నీటిలోని మురికి తీసేవి) మొదలై పొంగుతాయి. అది మీరు ఇంట్లో ఉండగా తెలియడమే మంచిది.

ఈ పరీక్షల సమయంలో స్నేహితుడి ఫోన్‌కి కబురు చేరిందో లేదో అతన్నే అడగండి. 'పంపాను' అని మీ కంట్రోలర్ చెప్పే మాట సరిపోదు.

ఇంట్లో ఉన్న రోజుల్లో నెలకోసారి తడిగుడ్డ పరీక్ష, రూటర్ పరీక్ష చేస్తే చాలు. యూపీఎస్‌లోని లెడ్ యాసిడ్ బ్యాటరీలు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు వస్తాయి. వేడి గదిలో ఇంకా ముందే పోతాయి. పెట్టిన తేదీని ఒక టేపు మీద రాసి యూపీఎస్ ముందువైపు అంటించండి, మూడో ఏడు దాటాక ప్రతి ప్రయాణానికి ముందు ప్లగ్గు పీకి ఎన్ని నిమిషాలు లాగుతోందో చూసుకుని బయల్దేరండి.